ఆపుకున్న నవ్వు

ఒక నవ్వు నా గొంతులో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. నవ్వేగా, దానికేం బరువు అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. మోసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, బరువే. పేరు చెప్పను. మీలో కొందరు ఇట్టే పట్టేస్తారు, పట్టుకోండి. ఈ వారం విశాఖలో ఎవరి కామెడీ షోకి వెళ్ళొచ్చు, ఎవరిది దండగ అని మా వాట్సాప్ గ్రూపులో అడిగి, నా మాట మీద వెళ్ళినవాళ్ళే కదా మీరు! మిమ్మల్ని కూడా మోసం చేశాను. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

నా నవ్వు గురించి ముందు చెప్పాలి. అది మామూలు నవ్వు కాదు. గట్టిగా, ఆగకుండా, మధ్యమధ్య ఊపిరి అందక ఈల వేసినట్టు వస్తుంది. దీని మూలంగా చిన్నప్పుడు తిన్న తిట్లకి లెక్కలేదు. "ఆడపిల్లవి, ఏంటా నవ్వు? వీధి చివరిదాకా వినబడుతోంది" అని అమ్మ నెత్తిన మొట్టేది. పెళ్ళిచూపుల రోజున పెదవి విప్పొద్దని ఒట్టు వేయించుకుంది. అత్తారింట్లో చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేర్చుకున్నాను. ఆఫీసులో బాత్రూంలోకి వెళ్ళి నవ్వుకుని వచ్చిన రోజులున్నాయి, మీరు నమ్మండి నమ్మకపోండి.

నలభై దాటాక ఒక సాయంత్రం, మద్దిలపాలెంలో ఒక కాఫీ షాపు మేడ మీద కొత్త కుర్రాళ్ళు మైకు పట్టుకుని జోకులు చెబుతారంటే ఆఫీసులో స్నేహితురాలు లాక్కెళ్ళింది. అక్కడ నా నవ్వు దానంతటది బయటికొచ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయాను. ఎవరూ తిట్టలేదు! గదంతా నాతో కలిసి నవ్వింది. జోకు చెప్పిన కుర్రాడు షో అయ్యాక వచ్చి, "అక్కా, మీరు ప్రతి వారం రావాలి, ముందు వరసలోనే కూర్చోవాలి" అన్నాడు. అప్పట్నుంచి ముందు వరసలో మధ్య కుర్చీ నాది. అది అక్కడ పద్ధతి అయిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒక గదిలో కూర్చున్నప్పుడు మొదట నవ్వడానికి మొహమాటపడతారు. ఒకరు మొదలెడితే మిగతావాళ్ళు అందుకుంటారు. మొదలెట్టేది నేను. జోకు పడగానే అందరి కళ్ళూ నా వైపు తిరిగేవి. నేను నవ్వితే అది జోకు. నవ్వకపోతే కాదు.

అబ్బో, ఎంత గర్వం వచ్చిందనుకున్నారు! జీవితమంతా దాచుకున్నది ఒక్కసారిగా కిరీటమై కూర్చుంది. ఫలానావాణ్ణి చూడండి, ఫలానావాడు ఇంకా ఎదగాలి అని గ్రూపులో రాయడం మొదలెట్టాను. నేను బాగుందన్నవాళ్ళకి హాళ్ళు నిండేవి. వాళ్ళు పెద్దవాళ్ళయ్యాక "మొదట గుర్తించింది అక్కే" అని చెప్పుకునేవాళ్ళు. అది వినడానికి నా చెవులు ఎంత ఆరాటపడేవో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అలాంటి రోజుల్లో ఒకమ్మాయి వచ్చింది. రత్నం అనుకుందాం. జాలరిపేట పిల్ల. నాన్న వేటకు వెళ్తాడు, అమ్మ గంపలో చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. మైకు అందుకుని నమస్కారం కూడా పెట్టకుండా మొదలెట్టేసింది.

"మా యమ్మ కాడ సేపలు కొనడానికి ఒకావిడ వత్తాది. రోజూ ఒకటే మాట. 'ఎంతైనా మా గోదారి చేప రుచి దీనికెక్కడిదమ్మా' అంటాది. ఓ రోజు మా యమ్మ అడిగీసింది, 'గోదారి కాడ మీది ఏ ఊరమ్మా' అని. 'నేను పుట్టింది ఇక్కడే, స్టీల్ ప్లాంటు క్వార్టర్స్‌లో' అందావిడ. మరి గోదారిని ఎప్పుడు సూసినావమ్మా? 'రైల్లోంచి!' మరి ఆ సేపని ఎప్పుడు తిన్నావమ్మా? 'మా అమ్మ చెప్పేది!'"

ఆ ఆవిడ నేనే.

మీకు అర్థమైందా? ఒక్క అక్షరం పొల్లు పోలేదు. మా అమ్మానాన్నలు గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ సముద్రం పక్కనే. అయినా గంప దింపగానే ఆ మాట అనకుండా ఏ రోజూ చేప కొనలేదు. అనేసి, కొసరుగా గుప్పెడు రొయ్యలు కూడా వేయించుకునేదాన్ని. రత్నం ఆ గంప పక్కన ఎప్పుడైనా నిలబడిందేమో, నేను ఆ పిల్ల మొహం వైపు చూస్తే కదా గుర్తుండడానికి?

జోకు ఎంత బాగుందంటే, నా పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. నవ్వితే అయిపోయేది. ఆ అమ్మాయి ఆ సాయంత్రమే గెలిచేది. నేను నవ్వలేదు. పళ్ళు బిగించాను. ఊపిరి బుగ్గల్లో బిగబట్టాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుమ్ము వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాను.

ఎందుకు? ఆ గదిలో ఎవరికీ ఆవిడ నేనని తెలియదు. పరువు పోయే ప్రమాదమే లేదు. మరెందుకు? చాలా కాలం నాకు నేను కుంటిసాకులు చెప్పుకున్నాను. ఒంట్లో బాగోలేదని, మనసు ఎటో పోయిందని. నిజం ఏమిటంటే నాకు ఒళ్ళు మండింది. చేపలమ్మే ఆవిడ కూతురు నన్ను అంటుందా అని. ఛీ, కానీ ఇదే మాట, ఇంతే నీచంగా నా మనసులో మెదిలింది. చదువుకున్నదాన్ని, ఆఫీసులో కింది ఉద్యోగుల తరఫున గొంతు చించుకునేదాన్ని, నాలో ఇది ఎక్కడ దాక్కుని ఉంది?

నేను నవ్వకపోవడంతో గది నవ్వలేదు. వెనక ఎవరో కిసుక్కుమని మళ్ళీ ఆపేసుకున్నారు. రత్నం తడబడింది, తర్వాతి మాట మరిచిపోయింది, మైకు పెట్టేసి దిగిపోయింది. షో అయ్యాక నేను కిందికి వెళ్తుంటే మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉంది.

"అక్కా, నాను సెప్పింది బాగోనేదా?"

"విషయం బాగానే ఉంది రత్నం. నీ యాసే… జనానికి పట్టదు. కొంచెం అందరూ మాట్లాడే తెలుగులో చెప్పి చూడు."

"అందరూ మాటాడే తెలుగంటే ఏదక్కా? మా యీదిలో అందరూ ఇలగే మాటాడతారు."

"వీధి వేరు, స్టేజి వేరమ్మా."

తలూపింది. "సరేనక్కా. నువ్వు సెప్పినావంటే అంతే మరి."

యాస పట్టకపోవడమేమిటి, నా మొహం! ఆ గదిలో సగం మంది ఆ యాసలో పుట్టినవాళ్ళే. ఆ జోకుకి ప్రాణమే ఆ యాస. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఇక్కడితో ఆగినా బాగుండేది. కొన్ని వారాలకి రత్నం మళ్ళీ వచ్చింది. "నేను మా అమ్మగారితో చేపల విక్రయానికి వెళ్తున్నప్పుడు" అని మొదలెట్టింది. వార్తలు చదివినట్టుంది. ప్రతి మాటా ముందు మనసులో మార్చుకుని, సరిచూసుకుని, ఆ తర్వాత నోటితో అంటోంది. పాపం, చెమటలు కక్కుతోంది. ఆ రోజు నేను నవ్వాను. గట్టిగా, ఈల వేసుకుంటూ, కుర్చీ చేతులు చరుస్తూ. గదిలో నలుగురైదుగురు మర్యాదకి నాతో కలిశారు. రత్నం మొహం వెలిగిపోయింది. దొరికింది దారి అనుకుంది. ఆ దారిలోనే నెలల తరబడి నడిచింది, ప్రతిసారీ కొంచెం చప్పబడుతూ. నేను ప్రతిసారీ నవ్వుతూనే ఉన్నాను. తర్వాత రావడం మానేసింది. నవ్వు ఆపుకున్న పాపం ఒకటైతే, నవ్విన పాపం దానికి పది రెట్లు. అర్ధరూపాయి కోపానికి ఒక మనిషి గొంతు మార్చేశాను.

"ఆ చేపలమ్మాయి ఏమైందండీ?" అని గ్రూపులో మీలోనే ఒకరు అడిగారు. "ఇంకా రాటుదేలాలి" అని రాశాను. ఇక ఎవరూ అడగలేదు.

వాళ్ళమ్మ మాత్రం గంపతో వస్తూనే ఉంది. నేను కొంటూనే ఉన్నాను. గోదారి మాట ఎత్తడం మానేశాను. "ఏటమ్మా, ఈమధ్య గోదారి తల్సుకోవట్నేదు?" అని ఆవిడే నవ్వింది ఒకసారి. మాట మార్చాను. అమ్మాయి ఎలా ఉందని అడిగాను. ఫోన్ల షాపులో చేరిందట. "ఆ నవ్వించే పని ఒగ్గీసిందమ్మా. తనకి రాదంట." ఆ పూట తెచ్చిన చేప నేను తినలేకపోయాను.

ఇదీ నేను చేసింది. ఇప్పుడు మిగతాది వినండి, ఇది చెప్పడానికి నాకు ఒళ్ళంతా సంబరంగా ఉంది.

మొన్నామధ్య బీచ్ రోడ్డు పక్కన గోడ మీద పోస్టరు చూశాను. రత్నం బొమ్మ, నడుముకి చెయ్యి పెట్టుకుని. షో పేరు "నాను". అంతే, ఒక్క మాట! ఎప్పుడు మళ్ళీ మొదలెట్టిందో, ఏ ఊళ్ళలో, ఏ చిన్న గదుల్లో చెప్పుకుంటూ వచ్చిందో, నా గ్రూపుకీ నా కుర్చీకీ తెలియకుండా. టికెట్లు దొరకడం లేదు. నా సిఫార్సు ఎవరడిగారు? ఆఫీసు కుర్రాణ్ణి బతిమాలి చివరి వరసలో ఒకటి సంపాదించాను.

హాలు కిటకిటలాడుతోంది. కాలేజీ పిల్లలు, షిఫ్టు దిగి వచ్చిన ప్లాంటు వాళ్ళు, తలనిండా పూలు పెట్టుకుని జాలరిపేట నుంచి వచ్చిన ఆడవాళ్ళు రెండు వరసలు. రత్నం వచ్చింది. "ఏటి, అందరూ వొచ్చీసినారా?" అంది, అంతే, హాలు లేచిపోయింది. ముందు వరసలో ఎవరూ నవ్వు మొదలెట్టక్కర్లేదు. ఎటునుంచి పడితే అటునుంచి వస్తోంది. గోదారావిడ కూడా వచ్చింది! ఆ చిన్న జోకు ఇప్పుడు పెద్ద కథ అయింది. గోదారావిడ సముద్రానికి సలహాలు ఇస్తుంది. గోదారావిడ రొయ్యల కొసరు కోసం పుష్కరాల మీద ఒట్టేస్తుంది. నా పక్కనాయన, భీమవరం అల్లుణ్ణంటూ పరిచయం చేసుకున్నాయన, నవ్వలేక కుర్చీలోంచి జారిపోయాడు. నేను నవ్వాను. ఏళ్ళ నాటిది, మొన్నటిది, అన్నీ కలిపి నవ్వాను. నా నవ్వు ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. అంత గొప్పగా ఉంది, ఏం చెప్పను!

షో అయ్యాక ఫోటోల కోసం జనం ఆమె చుట్టూ మూగారు. నేనూ లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. చెప్పేశాను. ఆ రోజు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. యాస గురించి చెప్పింది అబద్ధం.

"ఆపుకున్నావని తెల్సక్కా," అంది రత్నం. "బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బిపోయాయి. స్టేజీ మీదకి కనబడదేటి? అందుకే ఆ జోకు పారెయ్యనేదు. అంతలా ఆపుకోవాల్సొచ్చిందంటే బాగుండబట్టే కదా అనుకున్నాను. కానీ తరవాత నవ్వినావు సూడు. అదే నమ్మీసినాను. నవ్వు కూడా అబద్ధం ఆడతాదని నాకు తెల్దు. ఎందుకు నవ్వినావక్కా?"

మళ్ళీ ఏదో సాకు నాలిక చివరికి వచ్చింది. మింగేశాను.

"నువ్వు బాగుపడకూడదని," అన్నాను.

క్షమించమని అడగలేదు. ఏ మొహంతో అడగను? అంతలో నా వెనక నిలబడ్డ పిల్ల తల ముందుకు పెట్టి, "అక్కా అక్కా, ఆ గోదారావిడ నిజంగా ఉందా, కల్పించినావా?" అని అడిగింది. రత్నం నా మొహం వైపు చూసింది. ఆవిడ నేనని తనకి మొదట్నుంచీ తెలుసన్నమాట. చూస్తూ ఊరుకుంది.

"ఉంది," అన్నాను లైనంతా వినబడేలా. "నేనే."

ఆ తర్వాత చూడాలి! లైన్లో ఉన్నవాళ్ళంతా నన్ను చూపించి, నా మొహం మీదే, పగలబడి నవ్వారు. జాలరిపేట ఆడవాళ్ళు వచ్చి నా చెయ్యి పట్టుకుని మరీ నవ్వారు. భీమవరం అల్లుడు నాతో ఫోటో అడిగాడు. రత్నం ఒక్కతే నవ్వలేదు. పెదవులు బిగించి నిలబడింది. ఆపుకుందో, నిజంగానే రాలేదో నాకు తెలియలేదు.