దర్వాజ పెట్టని ఇల్లు

బాలస్వామి మేస్త్రి ముచ్చట చెప్పాలంటే ముందుగాల మా కల్వకుర్తి సంగతి చెప్పాలె. తెలంగాణ వచ్చినంక శ్రీశైలం రోడ్డు పొంటి ప్లాట్లు పడ్డయ్. పిల్లల సదువులకని చుట్టుపక్కల ఊర్లన్నీ గీడికే వచ్చి చేరినయ్. రేకుల అర్రకు సుత కిరాయి పెరిగింది. మా వాడకట్టుల సగం ఇండ్లు బాలస్వామి కట్టినయే. ఆయనకు మాత్రం గీడ సొంత జాగా లేదు. ఊర్లె ఉన్న మట్టిమిద్దె వానలకు కూలిపోయింది.

నేను బట్టలు కుడుత. నర్సింగమ్మ ఇంట్ల నాదొక అర్ర, పక్క అర్రల బాలస్వామి, ఆయన పెండ్లాం సాలమ్మ. మంచోడే గని నోరు ఊకుండదు. నేను గోడకు మొల కొడితే చాలు, "స్వరూపా, గా గోడ నేను కట్టింది, నాది, ఖరాబ్ చేయకు" అని లొల్లి వెట్టేటోడు. "కిరాయి నేను కడుతుంటే గోడ నీదెట్లయితది?" అని నేను గూడ ఊకునేదాన్ని కాదు.

నిరుడు ఆయనకు కాలేయం చెడిపోయింది. పట్నం దవాఖానల "ఇగ ఇంటికి తీస్కపోండి" అన్నరు. ఏ ఇంటికి? ఆటో వచ్చి ఆగంగనే నర్సింగమ్మ గేటుకు అడ్డం నిలవడ్డది.

"సాలమ్మా, నీ కాల్మొక్కుత. ఇన్నేండ్లల్ల నిన్నొక్క మాటన్ననా? చెడ్డ నక్షత్రంల పానం పోతే ఇల్లు పాడువెట్టాలె. నెలల కొద్ది తాళమేసి అందరం బయటికి పోవాలె. కిరాయోళ్లు మళ్ల వస్తరా? గా కిరాయే నాకు బువ్వ" అని ఏడ్సింది.

నాకు ఒళ్లు మండింది. "మనిషి కన్న ఇల్లు ఎక్కువనా అత్తా?" అని ఒర్రిన. ఆటోల ఒరిగిన బాలస్వామి కండ్లు తెరిచిండు.

"లొల్లి వద్దు. పరమేష్ ఇంటికి పోనియ్యుండ్రి. స్లాబు వడ్డది గని దర్వాజ పెట్టలే. దర్వాజ పెట్టనిది ఇల్లే కాదు, ఇగ పాడువెట్టేదేముంది?"

పరమేష్ ఎరువుల దుకాణపాయన. ఆ ఇల్లు బాలస్వామే కడుతుండె. పరమేష్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పినం. "తీస్కపోండి" అన్నడు. బండలు పరవని నేల మీద సాప ఏసి పండవెట్టినం. బాలస్వామి పైకి చూసి, "గీ మూలకు నీళ్లు కారుతయ్, పరమేష్‌కు చెప్పు" అన్నడు సాలమ్మతోని. నవ్వాల్నో ఏడ్వాల్నో నాకు తెల్వలే. తెల్లారి వాళ్ల చర్చి పాస్టరు వచ్చి ప్రార్థన చేస్తుంటెనే పానం పోయింది. దర్వాజ లేని సందులకెల్లే ఆయనను ఎత్తుకపోయినం.

నర్సింగమ్మ "నీ అర్ర నీకే ఉన్నది, రా" అన్నది. సాలమ్మ మళ్ల ఆ గేటు తొక్కలే. చెల్లె ఇంట్ల తలదాచుకుంట కొత్త అర్ర కోసం తిరిగింది. నేను గూడ ఎంట పోయేదాన్ని. ఓనర్లు "ఏమోళ్లు మీరు, ఏ కులం? ఎంతమంది? నీస్ వండుతరా?" అని అడిగేటోళ్లు. అన్నింటికి జవాబు చెప్పి, చివరికి సాలమ్మ ఒక్కటే అడిగేది: "నేను సచ్చిపోతే లోపల పండవెట్టనిస్తరా?" అంతే, తలుపు పడేది. "గదెందుకు అడుగుతవే, నీకేమన్న పిచ్చా?" అని తిట్టిన. వినలే.

ఇంతల పరమేష్ ఇల్లు తయారైంది. దర్వాజ పెట్టిండు, కిరాయికి అని బోర్డు కట్టిండు. వానకాలం వచ్చినా బోర్డు గట్లనే ఉన్నది. బాలస్వామి చెప్పిన లెక్క జనానికి ఎక్కలే. ఇల్లు గాకున్నా అండ్ల మనిషి పోయిండని ఎవ్వరు దిగలే. సాలమ్మ పోయి పరమేష్‌ను గదే మాట అడిగింది.

"అక్కా, గా ఇంటికి నువ్వు తప్ప ఎవ్వరు రాలే" అని పరమేష్ తాళంచెవి చేతుల వెట్టిండు. "నిన్ను బయటికెట్ల పంపుత?"

సామాన్లు దించిన దినం ముసురు. ఆ మూలకు సుక్క సుక్క నీళ్లు కారుతున్నయ్. పరమేష్‌కు చెప్పుడు అందరం మరిచినం. సాలమ్మ బకీటు తెచ్చి కింద వెట్టింది.

"చెప్పిండు గదనే" అన్నది. అన్ని దినాలు ఏడ్వని మనిషి, ఆయన పండుకున్న జాగలనే కూలవడి ఏడ్సింది.