సన్నబడ్డ నకిమెరా

నకిమెరా పొద్దున్నే భుజాన పార వేసుకుని నడిచేది. చేను పనికి కాదు. ఆమెకున్న అరటితోట ఇంటి వెనకే, పెరటి తలుపు తీస్తే అందేంత దూరంలో ఉంది. షుగరు ముదిరింది, రోజూ నడవాలని మిషన్ ఆసుపత్రి డాక్టరు చెప్పాడు కాబట్టి నడిచేది. కాని మసాకా పట్నం దగ్గరి ఆ బజారు ఊళ్ళో, పెళ్ళీడు కూతురున్న ఆడమనిషి చేతిలో ఏమీ లేకుండా ఊరికే వెళ్ళి ఊరికే తిరిగొస్తే ఊరుకుంటారా? పిచ్చెక్కిందంటారు. లేదా ఎవరి గుమ్మంలోనో చేతబడి మందు పాతడానికి పోయిందంటారు. అందుకని ఆ పార.

"పొద్దున్నే ఎక్కడికక్కా?"

"ఎక్కడికేమిటి, చేనుకి!"

ఏ చేనని మాత్రం ఎవరూ అడిగేవారు కారు.

అంతకు ముందు ఆమె భారీ మనిషి. దుకాణం అరుగు మీద కుట్టుమిషన్ వేసుకుని ఆడవాళ్ళ గోమెసి గౌన్లు కుట్టేది. భుజాలు పైకి నిలబడి, నడుముకు వెడల్పాటి పట్టీ కట్టే ఆ బట్ట నిండైన ఒంటికే నప్పుతుంది. నకిమెరా ఒంటి మీద చూసి మనసుపడి కుట్టించుకున్నవాళ్ళే ఎక్కువ. తర్వాత దాహం పట్టుకుంది, అరికాళ్ళు మొద్దుబారాయి. "ఒళ్ళు తగ్గించు. లేకపోతే కళ్ళో కాళ్ళో పోతాయి," అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

తగ్గించింది. నోరు కట్టుకోవడమంటే మాటలా? ఆవిరి మీద ఉడికిన అరటిముద్ద, దాని మీద వేరుశనగ పులుసు ఎదురుగా పొగలు కక్కుతుంటే సగం ముద్దతో చెయ్యి కడుక్కుని లేచిపోయేది. టీలో చక్కెర మానేసింది. మెల్లమెల్లగా ఒళ్ళు దిగింది. గుట్ట మీది చర్చికి మధ్యలో ఎక్కడా ఆగకుండా ఎక్కినరోజు పైన నిలబడి చిన్నపిల్లలా నవ్వుకుంది. షుగరు దారికొచ్చిందని డాక్టరు చెయ్యి కలిపి మరీ మెచ్చుకున్నాడు. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఇంట్లో కూతురు నబోసా తప్ప ఎవరూ లేరు.

ఆ రోజులు పాడు రోజులు. ప్రతి తోటలో అరటిచెట్ల మధ్య కొత్త సమాధులు లేచేవి. ఎయిడ్సు రోగాన్ని అక్కడ సిలిము, అంటే సన్నబడే జబ్బు, అనేవారు. మనిషి సన్నబడితే చాలు, ఇంకో గుర్తు అక్కర్లేదు.

"ఏమిటక్కా, అలా దిగిపోయావు?" అని టీకొట్టు మగలీతా అడిగింది.

"షుగరే. డాక్టరు తగ్గమన్నాడు."

"ఊఁ," అంది మగలీతా.

ఆ ఊఁ కంటే చెంపదెబ్బ నయం. మగలీతాని మాత్రం ఏమనగలం? ఎవరు ఒప్పుకున్నారు గనక? ఆమె తమ్ముడు క్షయ అన్నాడు, మరదలు కడుపులో పుండంది, ఎదురింటాయన చేతబడి అన్నాడు. అందరినీ ఒకే తీరుగా పూడ్చిపెట్టారు. ఇప్పుడు ఈవిడ షుగరంటోంది. ఎప్పుడో లారీ బోల్తాపడి పోయిన నకిమెరా మొగుణ్ణి కూడా వదల్లేదు. ఆ శవాన్ని ఊరంతా మోసుకొచ్చింది, నుజ్జయిన తల చూసింది. అయినా, "లారీ పడిందనుకో, పడకపోయినా ఎన్నాళ్ళుండేవాడులే," అని చెవులు కొరుక్కున్నారు. కుట్టేటప్పుడు వేలికి సూది గుచ్చుకుంటుందనీ, ఆ నెత్తురు బట్టకంటుతుందనీ ఇంకొకరు పుట్టించారు. అరుగు మీద బేరాలు పడిపోయాయి. ఒళ్ళు మండదూ?

సరిగ్గా అప్పుడే నబోసాకి లుటాయా అనే కుర్రాడి సంబంధం వచ్చింది. ఇద్దరూ ఇష్టపడ్డారు. పిల్లవాడి మేనత్త నజ్జెంబా ఇల్లు చూడడానికి వస్తానని కబురు పెట్టింది. అక్కడ సంబంధం కుదిర్చేది మేనత్తే, చెడగొట్టేదీ ఆవిడే. నకిమెరా గోమెసి లోపల నడుముకి దుప్పటి మీద దుప్పటి చుట్టుకుని, తుంటి పెంచుకుని, చాప మీద మోకరిల్లి స్వాగతం చెప్పింది. నజ్జెంబా ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంట్లోవాళ్ళెలా ఉన్నారు, తోటెలా ఉంది, వానలెలా ఉన్నాయి, అని పద్ధతిగా ఒక్కొక్కటే అడుగుతూ ఆ చెయ్యి వదల్లేదు. దుప్పట్లు నడుముకి చుట్టొచ్చుగాని మణికట్టుకి చుట్టలేం కదా. నజ్జెంబా వేళ్ళు ఎముక మీద ఆగాయి. పెట్టిన టీ తాగకుండానే లేచింది. "తొందరేముంది, వచ్చే పంటకి చూద్దాం," అని ఆ వారమే కబురొచ్చింది.

తల్లి ఎదురుగా నబోసా మోకాళ్ళ మీద కూలబడింది.

"అమ్మా, కాస్త ఒళ్ళు చెయ్యవే. పెళ్ళి వేడుక అయ్యేదాకానే. తర్వాత నీ ఇష్టం."

"డాక్టరు ఏమన్నాడో నీకు తెలీదుటే?"

"డాక్టరొచ్చి నన్ను చేసుకుంటాడా? నీది షుగరేనని నాకు తెలుసు. నాకు తెలిస్తే ఏం లాభమమ్మా, వాళ్ళకి తెలియాలిగా!"

నకిమెరా లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి రాజేసి పెద్ద కుండ ఎక్కించింది.

తినడం మొదలుపెట్టింది. ఎంత కష్టపడి మానుకుందో అంతా మళ్ళీ తిన్నది. అరటిముద్ద, చిలగడదుంప, పులుసు, చక్కెర పోసిన గంజి, సీసా సోడాలు. నడక మానేసింది. షుగరు మాత్రలు ఒళ్ళు పీల్చేస్తాయని ఎవరో అంటే వాటిని కూడా ఒకరోజు మింగి నాలుగు రోజులు వదిలేసింది. బుగ్గలు నిండాయి. బజార్లో జనం ఎదురొచ్చి మరీ పలకరించారు. "అబ్బో, ఒళ్ళు చేశావే! దేవుడు చల్లగా చూశాడమ్మా!" మగలీతా అయితే కావలించుకుంది. కళ్ళు మసకలు కమ్మి సూదిలోకి దారం ఎక్కక నకిమెరా అవస్థపడుతుంటే, నబోసా వచ్చి ఎక్కించి ఇచ్చేది. ఎందుకు కనపడడం లేదని అడిగేది కాదు.

నజ్జెంబా మళ్ళీ వచ్చింది. చెయ్యి పట్టుకుని, నొక్కి చూసి, నవ్వింది. ఈసారి టీ తాగింది, ఇంకో కప్పు కూడా అడిగింది. ముహూర్తం కుదిరింది.

వేడుక నాడు మగపెళ్ళివారు తెచ్చిన కొత్త బూట్లు నకిమెరా వేసుకుంది. నీరు పట్టిన పాదాలు వాటిలో ఇరుక్కుపోయాయి. అయినా వియ్యాలవారు పెట్టినవి విప్పితే మర్యాదా? పందిట్లో మోకరిల్లింది, లేచింది, డప్పులు మోగితే నడుము తిప్పి ఆడింది. చూసినవాళ్ళంతా భేష్ అన్నారు. సాయంత్రం నబోసా బూట్లు లాగితే మడమ చర్మం కూడా ఊడివచ్చింది.

"నొప్పి లేదూ అమ్మా?"

"ఏం లేదే," అంది నకిమెరా. నిజంగానే ఏమీ తెలియలేదు. కుట్టగా మిగిలిన గుడ్డపేలిక చుట్టుకుని, వంటపాత్రలు సర్దడానికి లేచింది. కూతురు అత్తవారింటికి వెళ్ళాక ఆ పుండు నల్లబడి వాసనేసేదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే మళ్ళీ ఏమంటారోనని భయం. ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కిందికి తీసేశారు.

ఊరంతా చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్ళు దుప్పటి ఎత్తి చూసి, "పాపం, షుగరే," అని నిట్టూర్చి పోయారు. నజ్జెంబా మూత పెట్టిన గిన్నెతో వచ్చింది, వెనక నబోసా.

"షుగరే అన్నమాట!" నజ్జెంబా గుండె మీద చెయ్యి వేసుకుని, వార్డంతా వినపడేలా అంది. "మా ఊళ్ళో ఒక పెద్దాయనకీ ఇలాగే తీశారు. అమ్మయ్య! ఎంత బెంగ పెట్టుకున్నానో నాకే తెలుసు. మొదట్లోనే చెప్పకపోయావా వదినా?"

"చెప్పాను వదినా," అంది నకిమెరా. "రెండు కాళ్ళూ ఉన్నప్పుడే ఊరందరికీ చెప్పాను."

ఆ మాట అన్నాక ఇంక ఆగలేదు. పక్క మంచాలవాళ్ళు తలలెత్తి చూస్తున్నా సరే, నోరు తెరిచి పెద్దగా ఏడ్చింది. నబోసా గోడవైపు తిరిగి నిలబడింది.

నజ్జెంబా కంగారుగా గిన్నె మూత తీసి, ముద్ద చేసి ఆమె నోటి దగ్గర పెట్టింది.

"ఊరుకో వదినా, ఊరుకో. ఇలా ఏడిస్తే ఒళ్ళు దిగిపోతుంది. తిను."