సున్న చుట్టిన నంబరు

కడపలో ఆ చిన్న కంటి ఆస్పత్రికి కంప్యూటరొచ్చింది 2006లో. దానితో పాటే నఫీసా వచ్చింది. చురుకైన పిల్లే, కాకపోతే తనకు తెలిసిందే లోకమనుకునే వయసు.

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే రోగులకు ఫోన్ చేసి పిలవడం ఆమె పని. ఒక్కొక్కరికి రెండు మూడు నంబర్లు: సెల్లు, ఇంటి ఫోను, పక్కింటిదో అంగడిదో పి.పి. నంబరు. జాబితా తీస్తే ఒకే మనిషి మూడు వరుసల్లో కనబడేవాడు. "మనిషికొక వరుస చాలమ్మా" అని విసుక్కున్నాడు డాక్టరు. నఫీసా రెండు రోజులు కూర్చొని, జాబితా ఎలా తీయాలో కంప్యూటరుకు చెప్పే క్వెరీ ఎస్‌క్యూఎల్‌లో రాసింది. ప్రతి రోగి నంబర్లకూ వరుస సంఖ్య వేయించింది: సెల్లుకు ఒకటి, ఇంటి ఫోనుకు రెండు, పి.పి.కి మూడు. ముందొచ్చిన వరుస ఒక్కటే ఉంచి తక్కినవి వదిలేయమంది. జాబితా చక్కగా దిగింది. ఆ రోజు ఆమె నడకే వేరు.

బద్వేలు దగ్గరి పుల్లమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఇప్పటికే రెండు తేదీలు తప్పిపోయాయి. చేసినప్పుడల్లా సెల్లు స్విచాఫే. మూడోదీ తప్పితే ఉచిత ఆపరేషన్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు.

"ఫోనే ఎత్తనోళ్లకు మనమేం చేస్తాం?" అని నఫీసా మూతి ముడుచుకుంది.

కంప్యూటర్ రాకముందు రోగుల పేర్లు రాసిన పాత గుమాస్తా ఇమామ్ ఆ మాట విని, బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి ముందు పెట్టాడు. పుల్లమ్మ పేరు ఎదుట మూడు నంబర్లు. పి.పి. నంబరు చుట్టూ ఎర్రసిరా సున్న.

"ఈ సున్నలు యాడికి పోయినాయమ్మా?"

"ఏవో గీతలనుకొని వదిలేసినా చిచ్చా."

"గీతలు కాదు. ఆ నంబరుకు చేస్తే మనిషి పలుకుతాదని గుర్తు. ఆ సెల్లు లారీ తోలే ఆమె అల్లునిది. లారీతో పాటే పోతాది."

నఫీసాకు సిగ్గేసింది. రెండొందల పేర్లు ఎక్కించింది, ఒక్క సున్నా ఎక్కించలేదు. అన్నానికి కూడా లేవకుండా, ఇమామ్ చదువుతుంటే సున్నలన్నీ ఎక్కించి క్వెరీ మార్చింది. ముందు సున్న ఉన్న వరుస, అది లేకపోతేనే సెల్లు. ఈసారి పుల్లమ్మ పేరు పక్కన సున్న చుట్టిన పి.పి. నంబరు నిలిచింది. వెంటనే దానికి చేసింది.

"పెద్దసుబ్బయ్య అంగడి!" అంది అవతలి గొంతు.

"పుల్లమ్మను పిలిపిస్తారా అన్నా? గంటాగి మళ్లీ చేస్తా."

"పిలిపించేదేముందమ్మా, ఈడనే ఉండాది."

ఫోన్లోకి ముసలి గొంతొచ్చింది.

"కంటాస్పత్రేనా తల్లీ? రెండు నెల్లుగా పొద్దున్నే వచ్చి ఈ అరుగు మీదనే కూసుంటాండా. నేనిట్ల పోంగానే మీ ఫోనొస్తాదేమోనని."