అక్క యాంప్లిఫయరు, బావ తనిఖీ

మా బావ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారులో ఆయన స్కూటరు ఆగితే చాలు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కొట్లవాళ్ళు కాటాలు తుడవడం మొదలుపెడతారు. ముప్పై ఏళ్ళుగా మనిషిని నమ్మకుండా ముల్లును నమ్మి బతికాడు. ఆఫీసులో అది మంచి గుణమే. ఆ గుణాన్ని సాయంత్రం బల్ల సొరుగులో పెట్టి తాళం వేసి రావాలని మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు. పాల ప్యాకెట్టును కూడా కొలత గ్లాసులో ఒంపి చూసుకునే రకం. నాకు ఆయనంటే ఇష్టమే గానీ రోజుకు గంట మించి తట్టుకోలేను.

మా అక్క రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరుతుంది. ఆ మధ్య ల్యాబులో ఒక పెద్దాయన రిటైరవుతూ, వేళ్ళ నొప్పులతో ఇక వాయించలేనని తన ఎలక్ట్రిక్ గిటారు అక్కకు ఇచ్చేశాడు.

"ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరు" అన్నాడు బావ. గిటారును తిప్పి తిప్పి చూశాడు. వెనక మూత విప్పి లోపల కూడా చూశాడు. వైర్లు తప్ప ఏమీ దొరకలేదు.

అక్క పెళ్ళికి ముందు నాలుగేళ్ళు గిటారు నేర్చుకుంది. తర్వాత పాతికేళ్ళు దాని ఊసెత్తలేదు. అలాంటిది యాభై దాటాక మళ్ళీ చేతికొచ్చింది. "ఈసారి కూడా వదిలేశానంటే ఇక ఈ జన్మకి లేదురా" అని నాతో అంది. నాకు బాధేసింది. సరే పద, యాంప్లిఫయరు కొందామన్నాను. అది లేకపోతే ఎలక్ట్రిక్ గిటారు దోమ పాడినట్టే ఉంటుంది.

కొట్టుకు ముగ్గురం వెళ్ళాం. బావను రావద్దంటే అనుమానిస్తాడు, రమ్మంటే ఎందుకు రమ్మన్నారని అనుమానిస్తాడు. కొట్టతను నలభై వాట్లది తెచ్చి గోడలు అదిరేలా వాయించాడు.

"ఒకటి మీద పెట్టి వాయించండి" అంది అక్క.

ఒకటి మీద పెట్టేసరికి ఆ మహా శబ్దం కాస్తా దుప్పటి కింద మూలిగినట్టయింది.

"గట్టిగా పెడితే ఏ పెట్టయినా బాగానే ఉంటుంది బాబూ. నాది చిన్న ఇల్లు. మెల్లగా వాయించినా ప్రతి తీగా విడిగా వినిపించాలి."

రెండోది తీగ ముట్టుకోకముందే బుస్సుమంటూ కూర్చుంది. మూడోది పది వాట్లది, చిన్న పెట్టె. అక్క కళ్ళు మూసుకుని నాలుగు తీగలు మీటింది. ఆమె ముఖం చూసి ఇదేనని నాకు తెలిసిపోయింది.

బావకు తెలియలేదు. జేబులోంచి స్ప్రింగు కాటా తీసి పెట్టెను తగిలించాడు. "ఆరున్నర కిలోలని రాశారు. ఆరూ మూడు వందలే ఉంది. రెండు వందల గ్రాములు ఎక్కడికి పోయాయి?"

"సార్, ఇది ఉల్లిపాయల బస్తా కాదండీ" అన్నాడు కొట్టతను దీనంగా.

వాళ్ళ తగాదా నడుస్తుండగా అక్క కొట్లో పనిచేసే అమ్మాయిని మెల్లగా అడిగింది. "హెడ్‌ఫోన్ పెడితే స్పీకరు పూర్తిగా ఆగిపోతుందా? బయటికి అస్సలు వినపడదుగా?" రెండుసార్లు అడిగింది. బావ చెవులు అటే ఉన్నాయి. పెట్టె కొనుక్కుని వస్తుంటే దారంతా నన్ను తినేశాడు. "అంత చాటుగా వాయించాల్సిన పాటేంటిరా?"

ఆ రోజు నుంచి బావ ఆరింటికి ఇంటికొచ్చేసరికి అక్క చెవులకు హెడ్‌ఫోన్ ఉండేది. ఆయనకు వినిపించేది తీగల మీద వేళ్ళు టక్‌టక్‌మనడం ఒక్కటే. వైరు పీకి వాయించవచ్చుగా అంటే, పక్కవాళ్ళకు ఇబ్బంది అనేది. పదిరోజులు చూసి బావ తనిఖీ మొదలుపెట్టాడు. పొద్దున వెళ్ళేటప్పుడు పెట్టె మీద వాల్యూమ్ గుండీ ఎక్కడుందో డైరీలో రాసుకున్నాడు. రెండు మీద ఉంది. సాయంత్రానికి ఐదు మీదకొచ్చింది. గోడవార ఉండే రెండో కుర్చీ అక్క కుర్చీకి ఎదురుగా జరిగింది. మర్నాడూ అంతే.

నేను ఫ్రిజ్‌లు బాగుచేసే షెడ్డుకు వచ్చి డైరీ నా ముందు పరిచాడు. "హెడ్‌ఫోన్‌కి ఐదెందుకురా? ఎదురుగా కుర్చీ ఎవరికి? మధ్యాహ్నం ఎవరో వస్తున్నారు."

"బావా, అనుమానం పెనుభూతం అన్నారు."

"నిప్పు లేనిదే పొగ రాదని కూడా అన్నారు. రేపు సెలవు పెట్టా. నాలుగింటికి పోదాం. నువ్వు సాక్షివి."

సాక్షి లేకుండా తనిఖీకి వెళ్ళకూడదన్నది వాళ్ళ ఆఫీసు రూలు. దాన్ని సొంత పెళ్ళాం మీద ప్రయోగించినవాడు మాత్రం ఈయనొక్కడే అయ్యుంటాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా వెళ్ళాను, అక్క కోసం.

స్కూటరు వీధి చివరే ఆపించాడు. మెట్ల దగ్గరికి రాగానే శబ్దం వినిపించింది. తలుపు వేసే ఉంది, గిటారు మాత్రం మెట్లదాకా స్పష్టంగా వస్తోంది. హెడ్‌ఫోనూ లేదు, చాటూ లేదు. కింది వాటాలో దర్జీ మిషన్ ఆపేసి, మెడలో టేపుతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పై వాటా ముసలావిడ మెట్టు మీద చేరగిలబడింది. బావ వేలు పెదవి మీద పెట్టి, రెండో గొంతు కోసం చెవి ఒగ్గాడు. పావుగంట గడిచినా రెండో గొంతు లేదు.

"రోజూ ఇంతేనండీ" అన్నాడు దర్జీ మెల్లగా. "ఈ పాట మొన్నటిదాకా చివర్లో తప్పేది. ఇవాళ వచ్చేసింది. మీరొచ్చే టైముకి ఆపేస్తారు."

బావ నా వైపు తిరిగాడు. "ఈ మెట్ల మీద అందరూ వింటున్నారు. నా ముందు ఎందుకు వాయించదురా?"

అడిగాడు కాబట్టి చెప్పాను. "పెళ్ళయిన నెలకి మా ఇంట్లో అక్క గిటారు వాయించింది. అందరం చప్పట్లు కొట్టాం. నువ్వు మాత్రం అందరి ముందూ, 'ఈ పాట నీకు నేర్పింది ఆడా, మగా?' అని అడిగావు. ఆ వారమే గిటారు ఎవరికో ఇచ్చేసింది."

"అలా అన్నానా?" అన్నాడు.

నిజంగానే గుర్తులేదు. పాతికేళ్ళ నాటి తూకం తేడాలు తేదీలతో సహా చెప్పే మనిషికి ఆ మాట గుర్తులేదు. నాకు కోపం రావాల్సింది, కానీ జాలేసింది.

బెల్లు కొట్టాడు. శబ్దం టక్కున ఆగింది. తలుపు తీసిన అక్క ఆయన్నీ నన్నూ చూసి గడియారం వైపు చూసింది. ఆమె వెనక రెండో కుర్చీ మీద పాటల నోటుబుక్కు తెరిచి ఉంది. హెడ్‌ఫోన్ అందుకుంది.

"అది వద్దు. నేనూ వింటాను" అన్నాడు బావ.

"విని?"

బావ చెప్పులు విప్పాడు. "విని ఊరుకుంటాను."

అక్క నమ్మలేదు, ఆమె చూపులోనే తెలుస్తోంది. అయినా కూర్చుంది. తీగల వైపు గానీ నోటుబుక్కు వైపు గానీ చూడలేదు. ఆయన ముఖమే చూస్తూ, ఆ పాత ప్రశ్న మళ్ళీ ఎప్పుడొస్తుందా అని కాచుకుని వాయించింది. అందుకే వచ్చిన పాటే రెండుచోట్ల తప్పింది.

బావ ఊరుకున్నాడు.