కుడివైపుకు మార్చిన నూనె పైపు

మా ఆయన కళాయి పూసేవాడు. రాగి, ఇత్తడి గిన్నెలను కొలిమి మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం రుద్ది, లోపలంతా వెండిలా మెరిపించేవాడు. తిత్తి ఊదడం నా పని. పెళ్లయిన కొత్తలో ఖిలా వరంగల్‌లో మా వాడ దాటి పోవలసిన అవసరమే ఉండేది కాదు. గిన్నెలే మా గుమ్మం ముందుకొచ్చి కూర్చునేవి.

తర్వాత స్టీలు వచ్చింది. ఒక్కో ఇంట్లో ఇత్తడి అటకెక్కింది. ఇక మేమే గిన్నెల కోసం తిరగడం మొదలైంది. ఆయన సైకిల్ మీద దగ్గరి ఊళ్లకు పోయి చూశాడు. స్టీలు ఆయన కన్నా ముందే పోయి ఉంది. తొర్రూరు దాటి లోపలి ఊళ్లకు పోతేనే పని. అక్కడ పెళ్లి వంటలకు ఇంకా ఇత్తడి గంగాళాలే దించేవాళ్లు. బస్సులో పోదామంటే బొగ్గు బస్తాను చూసి కండక్టర్ ఎక్కనిచ్చేవాడు కాదు.

నా కాళ్ల కడియాలు పోయాయి, పాత బుల్లెట్టు వచ్చింది. మిలిటరీ వాళ్లు వాడి వదిలేసిన బండి. ఒక పక్క బొగ్గు బస్తా, మరో పక్క తిత్తి, పట్టకార్లు. వెనుక నేను, రెండు కాళ్లూ ఎడమ వైపుకు వేసుకుని, ఒళ్లో తగరం సంచితో. సగం దారి పోయేసరికి ఇంజన్ ఉడికిపోయేది. చెట్టు కింద ఆపి అది చల్లారేదాకా కూర్చునేవాళ్లం. మేం ఊరు చేరేసరికి ఆడవాళ్లంతా పొలాలకు పోయి ఉండేవాళ్లు, ఇళ్లకు తాళాలు. బండి ఆగకుండా పోతే తిండి, ఆగితే పస్తు. అంతే లెక్క.

స్టేషన్ రోడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. బండిని చూపిస్తే నవ్వాడు.

"అన్నా, గిది జవాన్లు ఎక్కే బండి. నువ్వు దీని మీద దుకాణం పెట్టినవు. ఉడకక ఏం జేస్తది?"

"లోపలి నూనెను బయటికి తీసి, సల్లార్చి, మళ్ల లోపలికి పంపితే ఎట్లుంటది?" అని ఈయన అడిగాడు.

"పంపుతవ్ తియ్, పెండ్లాన్ని తల్లిగారింటికి పంపినట్టు. గసొంటియి పెద్ద మోటార్లకు ఉంటయే. మన బండికి యాడికెళ్లి తేవాలె?"

"నేన్జేస్త."

పాడైన ఫ్రిజ్‌లోని సన్నటి రాగి గొట్టం పాత సామాన్లవాడి దగ్గర దొరికింది. వంచితే నొక్కుకు పోకుండా లోపల ఇసుక దట్టించి, నా రోకలికి చుట్టి పాములా మెలికలు తిప్పాడు. అతుకులన్నీ తగరంతో వేశాడు. తగరం వేడికి ఆగదు, ఇత్తడి పోసి అతికించమని మెకానిక్ చెప్పాడు. ఈయనకు రోషం వచ్చింది. "పుట్టినకాన్నుంచి తగరం పట్టిన చెయ్యిది. నా అతుకు ఊడిందని ఒక్కడు జెప్పిండా?" అన్నాడు.  మెకానిక్ ఇంజన్ దగ్గర పైపు కలిపి ఇచ్చాడు.

రాగి చుట్టను గాలి తగిలేట్టు ముందు కట్టారు. అక్కడి నుంచి పైపు ఎడమ పక్కగా తిరిగి వచ్చేది. మొదటిసారి తొర్రూరు దాకా ఎక్కడా ఆగలేదు. ఊళ్లో ఒక ముసలామె బండి చుట్టూ తిరిగి చూసి, "ఏం పిల్లా, నీ మొగడు బండికి పేగులు బయట బెట్టిండేంది?" అంది. ఆయన నవ్వడం ఆ రోజు చూశాను. తర్వాత అట్లా నవ్వింది నాకు గుర్తు లేదు.

గుంతల దారిలో ఆ పైపు ఊగి నా ఎడమ కాలి చీలమండకు అంటుకుంది. నూనె మసలుతూ ఉంటుంది కదా, చర్మం దానితోనే పోయింది. నేను చెప్పలేదు. తిత్తి దగ్గర కూర్చున్నప్పుడు చీర కొంగుతో కప్పుకున్నాను. బొబ్బ పగిలి చీము పట్టాక ఆయన చూశాడు.

"ఎందుకు జెప్పలేవే?"

"జెప్తే బండి ఆపుతవు. ఆపితే పని పోతది."

 తెల్లవారి ఆయన మెకానిక్ దగ్గరికి పోయి పైపును కుడి వైపుకు మార్చమన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"అన్నా, కుడి దిక్కు సైలెన్సర్ ఉన్నది. గది నిప్పు."

"తీగెతోని గట్టిగ గడుత. ఎడమ దిక్కు మాత్రం వద్దు. దాని కాలు కాలుతాంది."

"అయితే వదినెను మగోళ్ల లెక్క అటొక కాలు ఇటొక కాలు ఏసి కూసోమను."

"పనికి పోతానమా, సర్కసుకు పోతానమా?" అన్నాడు ఈయన.

పైపు కుడి వైపుకు పోయింది. నా కాలికి పసుపు, కొబ్బరినూనె రాసుకున్నాను, మానింది. కొన్నాళ్లు బండి బాగానే నడిచింది.

ఎండాకాలంలో ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్లి. వాళ్ల గిన్నెలన్నిటికీ కళాయి పూయాలని కబురు పెట్టారు. అంత పని చాలా ఏళ్లుగా దొరకలేదు. పొద్దున్నే బయలుదేరాం. తొర్రూరు దాటాక కంకర దారి. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. నేను ఆయన భుజం తట్టాను. గాలి హోరులో "ఏందీ" అన్నాడు. చెప్పేలోపే ఇంజన్ ఒక్కసారి గట్టిగా కీచుమని పట్టేసింది. ఇద్దరం పక్కకు పడ్డాం. దెబ్బలేమీ పెద్దవి కావు.

తీగ తెగింది. పైపు జారి సైలెన్సర్ మీద ఆనుకుంది. ఆయన వేసిన అతుకు కరిగి, తగరం చుక్కలు చుక్కలుగా సైలెన్సర్ మీద మెరుస్తోంది. మేం వచ్చిన దారి పొడవునా నూనె గీత. ఆయన గొంతుక్కూర్చుని ఆ చుక్కలనే చూశాడు. గిన్నె లోపల తగరం కరిగి పారుతుంటే ఎట్లా చూసేవాడో అట్లాగే.

ఎడ్లబండి మీద వేయించుకుని తొర్రూరుకు, అక్కడి నుంచి లారీలో వరంగల్‌కు తెచ్చాం. మెకానిక్ ఇంజన్ విప్పి చూశాడు. "లోపల ఏం మిగల్లేదన్నా" అన్నాడు. నవ్వలేదు. పెళ్లివారు మా కోసం ఎదురుచూసి, చివరికి స్టీలు గిన్నెలు తెప్పించుకున్నారట. ఆ ఇంటి నుంచి మళ్లీ పిలుపు రాలేదు. ఆ చుట్టుపక్కల నుంచి కూడా రాలేదు.

నా కాలి వల్లనే అని ఆయన ఒక్క రోజు కూడా అనలేదు. అంటే బాగుండేది. పోట్లాడేదాన్ని.

బండి ఇనుప సామాన్ల కొట్టుకు పోయింది. ఆయన బజారులో ఒక స్టీలు దుకాణంలో చేరాడు. గిన్నెలు తుడిచి, పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చే పని. ఇంటికొచ్చాక ఆ చేతులతో అన్నం తినబుద్ధి కావడం లేదనేవాడు. కొలిమి పొగ అప్పటికే ఛాతీలో కూర్చుంది. దగ్గి దగ్గి, దవాఖానలో పోయాడు.

పదో రోజు నా ఆడబిడ్డ మట్టెలు తీయడానికి నా ముందు కూర్చుంది. ఎడమ కాలు పట్టుకుని ఆగిపోయింది.

"గిదేంది వదినె, గింత నల్లగ?"

"బండి పైపుకు కాలింది."

"కడియం లెక్కనే ఉన్నది" అంటూ బొటనవేలితో రుద్ది చూసింది. పోలేదు. కళ్లు తుడుచుకుని రెండో కాలు ఒళ్లోకి తీసుకుంది. ఆ చీలమండ మీద ఏమీ లేదు.