అత్తమ్మ చదివించిన హుకుం

మొన్న వెనక వరుస గదులకు సున్నం వేయించాను. తడి సున్నం వాసన ముక్కుకు తగలగానే మా అత్తమ్మ నర్సమ్మ వాకిట్లో నిలబడి పనివాళ్లను కేకలేస్తున్నట్టే అనిపించింది. కిరాయికున్న వాళ్ల గోడలు తెల్లబడ్డాకే మా సొంత గోడల మీదికి కుంచె రానిచ్చేది ఆవిడ. నాకిప్పుడు అరవై దాటాయి. ఈ ఇళ్లలో ఉంటున్న వాళ్లెవరూ ఆవిడను చూడలేదు. అందుకే రాస్తున్నాను.

మామగారు వరంగల్లు మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసేవారు. చిన్న వయసులోనే పోయారు. అత్తమ్మకు ఆయన వదిలి వెళ్లింది తర్వాత మా ఆయనకు పనికొచ్చిన చిన్న దుకాణమూ, మట్టెవాడలో ఈ పెంకుటిళ్ల వరుసా. నడుమ పెద్ద వాకిలి, మూలన చేదబావి, చుట్టూ కిరాయి గదులు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను కోడలిగా ఇక్కడికి వచ్చాను. మా నాయన నెక్కొండ రైలు స్టేషన్లో గుమాస్తా. సర్కారు మాట్లాడే భాష రాకపోతే ఎవరి చేతిలోనైనా మోసపోతామని నాకు తెలుగుతో పాటు ఉర్దూ కూడా నేర్పించాడు. పెళ్లిచూపుల్లో ఆ సంగతి దాచిపెట్టమని అమ్మ చెప్పింది. అత్తమ్మకు మాత్రం నాలో ముందుగా నచ్చింది అదేనని తర్వాత తెలిసింది.

అప్పుడు ఊళ్లో గది దొరకడం గగనంగా ఉండేది. బట్టల మిల్లుకు వచ్చినవాళ్లు, కాజీపేట రైల్వేలో పని దొరికినవాళ్లు, పల్లెల నుంచి కరువు తరిమితే వచ్చినవాళ్లు. ఇంటివాళ్లు నెలనెలా కిరాయి పెంచేవారు, ఒప్పుకోని వాళ్ల సామాను వీధిలో పెట్టించేవారు. అంతలో కిరాయిల మీద సర్కారు హుకుం తెచ్చిందని బజారంతా గుప్పుమంది. ఇళ్లన్నీ సర్కారు తీసుకుంటుందని కొందరు, ఇక కిరాయే కట్టనక్కర్లేదని కొందరు. అత్తమ్మ ఎవరి మాటా నమ్మలేదు. హుకుం అచ్చైన ఉర్దూ పత్రిక మార్కెట్ నుంచి తెప్పించింది.

నేను దాన్ని పట్టుకుని లోపలి గదిలోకి పోబోయాను. అత్తమ్మ ఆపింది.

"యాడికి పోతానవ్ బిడ్డా? వాకిట్ల నిలవడి సదువు. అందరు ఇనాలె."

"మగోళ్లున్నరు అత్తమ్మా..."

"ఉంటే ఉండనీ. హుకుం ఆళ్లకు గూడ వచ్చింది."

కొంగు తలమీదికి లాక్కుని, పత్రికను మొహానికి అడ్డం పెట్టుకుని చదివాను. ఒక్కో వాక్యం ఉర్దూలో చదివి తెలుగులో చెప్పాను. ఇష్టమొచ్చినట్టు కిరాయి పెంచడానికి వీల్లేదు. సరిగ్గా కడుతున్నవాళ్లను దఫ్తరు ఇజాజత్ లేకుండా, అంటే కచ్చేరీ అనుమతి లేకుండా ఖాళీ చేయించకూడదు. ఇజాజత్ కావాలంటే ఇంటివాళ్లు కారణం రాసి ఇవ్వాలి. తమ కట్లు విప్పుతున్న మాటలు ఇంటామె కోడలి నోటనే వింటున్నామని వాళ్లకు నమ్మకం కుదరలేదు. అత్తమ్మ మాత్రం, "ఇజాజత్ కాడికెల్లి ఇంకోపారి సదువు" అంది. ఆ తర్వాత చాలా రోజులు, కొత్తగా ఎవరు కిరాయికి దిగినా వాళ్లకు అది చదివి వినిపించే పని నాదే అయింది. మెల్లగా మొహానికి పత్రిక అడ్డం పెట్టుకోవడం మానేశాను. కొన్నాళ్లకు మాటలన్నీ నోటికొచ్చి పత్రికతోనూ పనిలేకుండా పోయింది.

ఎదురింటి వీరన్నకూ కిరాయి ఇళ్లుండేవి. ఒకరోజు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "వదినా, గోడలు పడిపోతానయని చెప్పి పాతోళ్లను ఎల్లగొడదాం. కొత్తోళ్లు చాటుకు పగిడి కింద రొక్కం ఇచ్చి మరీ దిగుతాండ్రు. నువ్వేమో వాళ్లకే హుకుం సదివిపిత్తానవ్!"

"నాకు కోపం లేదనుకుంటానవా వీరన్నా? పెంకుల ధర ఆకాశంల ఉన్నది, కిరాయి మాత్రం ఉన్నకాడనే ఉన్నది. సర్కారు నా చేతులు కట్టేసింది. కని హుకుం నాకొకటి, వాళ్లకొకటి ఉంటదా?"

ఆ ఏడు వానలకు ముందు పైకప్పులు సరిచేయించడానికి తన వెండి కడియాలు అమ్మింది. మా ఆయన రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే నాకూ అది మొండితనంలాగే తోచింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మన సంస్థానానికి రాలేదు. చివరి గదిలో ఉండే బడిపంతులు మూడు రంగుల జెండా ఎగరేసి జైలుకు పోయాడు. ఆయన భార్య సుగుణ, చంటిపిల్లతో ఒక్కతే మిగిలింది. కొద్దిరోజులకే, ఆడవాళ్లమంతా బావి దగ్గర నీళ్లు తోడుతుండగా, పోలీసు అమీను ఇద్దరు జవాన్లతో వాకిట్లోకి వచ్చాడు. సుగుణ పిల్లను గుండెలకు అదుముకుని గడప దగ్గరే నిలబడిపోయింది.

"గా పంతులు గది ఖాళీ చేయించు. సర్కారుకు ఎదురుతిరిగిన బాగీలకు ఇల్లిచ్చినవని నీ మీద ఖబర్ ఉన్నది. లేకుంటే నీ ఇండ్లన్నీ జప్తయితయ్."

నా చేతిలోని చేద జారి బావిలో పడింది. ఆవిడకు ఉన్న ఆధారమంతా ఆ ఇళ్లే. అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ముందుకు నడిచింది.

"నేనెక్కడ అడ్డమొస్తాన అమీన్ సాబ్? మీ సర్కారు హుకుమే అడ్డమొస్తాంది. బిడ్డా, గది జర చెప్పు."

నేను చెప్పాను. కొంగు తలమీద ఉందో జారిందో చూసుకోలేదు. ఇజాజత్ లేకుండా ఖాళీ చేయించకూడదన్న దగ్గర్నుంచి, కారణం రాసి ఇవ్వాలన్న దాకా, అచ్చైన ఉర్దూలోనే, తడబడకుండా ఆయన మొహం చూస్తూ చెప్పాను. అమీను నన్ను ఎగాదిగా చూశాడు.

"నేను జబానీ చెప్తాన. కాగితం ఎందుకు?"

"నోటిమాట మీద ఎల్లగొడితే రేపు మీ దఫ్తరోళ్లే నన్ను కోర్టుకీడుస్తరు. ఇజాజత్ తెండ్రి. జప్తు చేత్తనంటే ఆ కాగితం గూడ తెండ్రి. అప్పుడు చూద్దాం."

ఆయన బూటుతో నీళ్ల బిందెను తన్ని వెళ్లిపోయాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా అత్తమ్మ కదల్లేదు. ఆ తర్వాత అరుగు మీద కూలబడి, "బిడ్డా, జర మంచినీళ్లియ్యి" అంది. గ్లాసు ఆవిడ పళ్లకు తగిలి టకటకలాడింది. అంతటి మనిషికీ భయముంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కచ్చేరీకి పిలిపించారు. ఇద్దరం జట్కాలో పోయాం. దఫ్తరు మున్షీ అడిగిన ప్రశ్న ఒకటే: కిరాయి ముడుతోందా? "ముడుతాంది" అంది అత్తమ్మ. అది అబద్ధం కాదు. మిల్లు పనివాళ్లు, రైల్వే కుటుంబాలు తలా కొంత వేసి సుగుణ గది కిరాయి అంతకుముందే తెచ్చి ఇచ్చారు. అత్తమ్మ వద్దన్నా వినలేదు. ఇంటామె ఫిర్యాదు చేయనిదే ఇజాజత్ పుట్టదు. పంతులు గదిని పంతులు పేరుమీదే ఉంచి ఇంటికొచ్చాం.

అయినా మమ్మల్ని ఊరికే వదల్లేదు. పట్టపగలు ఎవరో రాళ్లు విసిరి ఆ గది పెంకులు పగలగొట్టారు. అత్తమ్మ సుగుణనూ పిల్లనూ మా ముందు గదిలోకి తెచ్చుకుంది. బంధువులు రాకపోకలు మానేశారు. ఆ సమయంలోనే ఒక బండెడు కొత్త పెంకులు మా వాకిట్లో దిగాయి. పంపిందెవరని బండివాణ్ని అడిగితే ఎదురింటి వైపు తల ఊపాడు. వీరన్న ఆ సంగతి ఎన్నడూ నోటితో చెప్పలేదు, అత్తమ్మా అడగలేదు.

మరుసటి ఏడు వానాకాలం చివర్లో భారత సైన్యాలు వచ్చి, సంస్థానం దేశంలో కలిసింది. పంతులు జైలు నుంచి గడ్డంతో, సగమైపోయి వచ్చాడు. అత్తమ్మ కాళ్లు మొక్కబోతే వెనక్కి జరిగింది. "నాకెందుకు మొక్కుడు? నీ ఇంటికి నువ్వొచ్చినవ్. పో, పిల్లనెత్తుకో."

'నీ ఇంటికి' అంది. ఆ మాట వింటూ ఆవిడ పక్కన నిలబడ్డప్పుడు నాకు కలిగిన గర్వం, ఆ తర్వాత నా పిల్లల పెద్ద చదువులకూ కలగలేదు.

ఆవిడ పోయాక ఇళ్లు చూసుకోవడం నా వంతైంది. కిరాయి చట్టాలు ఎన్నోసార్లు మారాయి. కొన్ని మాకు కలిసొచ్చాయి, కొన్ని మా చేతులు కట్టేశాయి. ఏది వచ్చినా పత్రిక పట్టుకుని వాకిట్లో నిలబడి చదువుతాను. వాళ్లకు మనమే తెలివి నేర్పుతున్నామని మా పెద్దోడు విసుక్కుంటాడు. పోయిన నెల అలాగే చదువుతుంటే, కొత్తగా దిగిన రైల్వే ఉద్యోగి, పాతికేళ్లు కూడా లేని పిల్ల, నవ్వుతూ అడిగింది: "ఇది మీకు నష్టమే కదా పెద్దమ్మా, మాకెందుకు చెప్తాండ్రు?"

నోటికొచ్చిన మాటే చెప్పాను.

"నేను నర్సమ్మ కోడల్ని బిడ్డా."