మూడింటికి టెండరు, రెండింటికి ముందుగారు

మా ముందుగారు జీవితంలో ఏ పనికీ వేళకు వెళ్ళి ఎరగరు. గంట ముందే వెళ్ళేవారు. కాస్త పెద్ద పనైతే దానికి ఇంకో అరగంట కలిపేవారు. ఆయనకు పెద్దవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది పింఛను కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. ముందుగారు అనే పేరు పెట్టింది నేను కాదు, కట్టుకున్న ఇల్లాలే. ఆవిణ్ణి మేము పిన్నిగారు అంటాం.

పిన్నిగారు చెప్పిన సంగతి ఇది. ఒకసారి ఇద్దరూ ఎవరి పెళ్ళివిందుకో వెళ్తే, అక్కడ ఇంకా లారీలోంచి కుర్చీలు దించుతున్నారట. ఈయన ఊరికే నిలబడలేక చొక్కా చేతులు మడిచి తానూ దించడం మొదలుపెట్టారు. పెళ్ళివారు ఆయన్ను కుర్చీలవాడే అనుకుని, నూరు కుర్చీలు తక్కువ తెచ్చావేమని నిలబెట్టి కడిగేశారు. ఈయన మారు మాట్లాడకుండా ఎవరికో ఫోను చేసి నూరు కుర్చీలూ తెప్పించారు. భోజనాల దగ్గర ఈయన పట్టుచొక్కాతో కూర్చుంటే, కుర్చీలవాళ్ళను కూడా పిలిచారా అని పక్కాయన అడిగాడట.

ఇంకోసారి ఊరికి బయల్దేరి స్టేషనుకు ఎంత ముందుగా వెళ్ళారంటే, నిన్న రావలసిన రైలు ఆలస్యంగా అప్పుడే వచ్చింది. ఎక్కేశారు. ఇది నిన్నటి రైలండీ అని టిక్కెట్ల ఇన్‌స్పెక్టరు అంటే, అదీ అలా చెప్పండి, ఇంత ఆలస్యమేమిటా అనుకుంటున్నాను అన్నారట. ఇక పళ్ళ డాక్టరైతే విసిగిపోయి, క్లినిక్కు తాళంచెవి ఒకటి ఈయనకే ఇచ్చేశాడు.

ఈయన మా నెత్తిన పడ్డది సర్కారు వారి దయవల్ల. అక్కా నేనూ తొమ్మిది మిషన్లతో దుప్పట్లు, దిండు గలీబులు కుట్టే షెడ్డు నడుపుతున్నాం. కత్తెర అక్కది, కాళ్ళరిగేలా తిరగడం నాది. ఏళ్ళ తరబడి మాకు పనిచ్చిన పెద్ద కొట్టు ఒక్క మాటతో మానేసింది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వాసుపత్రి ఏడాదికి సరిపడా దుప్పట్లకు టెండరు పిలిచింది. అది వస్తే తొమ్మిదిమంది ఆడవాళ్ళకు ఏడాది పని. రాకపోతే నెలాఖరుకు మిషన్లు అమ్మేసి షెడ్డుకు తాళం వెయ్యడమే. మాకా, టెండరంటే దాన్ని ఏ వైపు నుంచి పట్టుకోవాలో కూడా తెలియదు.

చిన్న పరిశ్రమలకు ఈ విద్య నేర్పడానికి సర్కారువారే ఒక పథకం పెట్టారు. టెండర్ల వ్యవహారంలో పండిపోయిన మనిషిని ఆరు నెలలపాటు మనకు మార్గదర్శిగా ఇస్తారు. అలా మాకు వచ్చినవారు ముందుగారు. టెండరు కవర్లు తీసుకునే బల్ల వెనక ముప్ఫైయొక్కేళ్ళు కూర్చుని రిటైరైన మనిషి.

మొదటిరోజు పదింటికి వస్తానన్నారు. తొమ్మిదింటికి మేం తాళం తియ్యబోతే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. సిగ్గేసి మర్నాడు ఎనిమిదింటికి వెళ్ళాం. అప్పటికే మెట్లు ఊడ్చి మరీ కూర్చున్నారు. "ఈయనతో పందెం పెట్టుకుంటే మనం షెడ్డులోనే కాపురం పెట్టాలే" అంది అక్క.

టెండరులో రెండు కవర్లుంటాయి. మొదటిదాంట్లో మన పనితనం కాగితాలన్నీ పెట్టాలి, అది లావుగా ఉంటుంది. రెండోదాంట్లో ధర రాసిన ఒక్కటే కాగితం. రెండూ అంటించి ఒక పెద్ద కవరులో పెట్టి పెట్టెలో వెయ్యాలి. ధర కాగితం పొరపాటున మొదటి కవరులో కనపడిందా, ఇక మన దుప్పటి పట్టులా ఉన్నా సరే, టెండరు బుట్టదాఖలే. ఇది మాకు ఒంటబట్టడానికి ముందుగారు రిహార్సల్సు పెట్టారు. దారపు ఉండల అట్టపెట్టెకు చీలిక కోసి, కత్తిరింపు బల్ల వెనక ఆఫీసరులా కూర్చున్నారు.

మూడింటికి రిహార్సలంటే మూడుకు ఐదు నిమిషాలుండగా వెళ్ళాం. పెట్టెకు టేపు వేసేశారు. "మూడన్నారు కదా బాబాయిగారూ" అన్నాను. "మూడింటికి వాళ్ళు మూస్తారమ్మా. నువ్వు రావలసింది రెండింటికి" అన్నారు, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టి. రెండో రిహార్సలులో అక్క ధర కాగితాన్ని లావుపాటి కవరులో పెట్టింది. కొట్టేశారు. మూడోసారి నేను మూడు పేజీల మీద సంతకం మరిచిపోయాను. కొట్టేశారు. అక్క చిరాకుపడి ఆయనకు కాఫీ ఇవ్వడం మానేసింది. అలా ఆరుసార్లు పోయి ఏడోసారికి గట్టెక్కాం. ఆ రోజు అక్క ఆయనకు రెండు కప్పులిచ్చింది.

అసలు రోజు వచ్చింది. మూడింటికి గడువు. ముందుగారు పదకొండింటికే షెడ్డుకు వచ్చి మమ్మల్ని నిలబడనివ్వలేదు, కూర్చోనివ్వలేదు. పన్నెండున్నరకల్లా మా కవరు పెట్టెలో పడింది. ఇక ఇంటికి పోదామంటే ఆయన కదలరు. ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి జిగురు సీసా, స్టేప్లరు, నాలుగు కలాలు, ఖాళీ కవర్లు తీసి పక్కన పేర్చుకున్నారు. నేను అక్కకు ఫోను చెయ్యడానికి మెట్ల దిగువకు వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి ఆయన పక్కన ఇంకొకాయన కూర్చున్నాడు. సందులో నాలుగు మిషన్లు పెట్టుకుని కర్టెన్లు కుట్టే పెద్దాయన. ఆయనా ఈ దుప్పట్లకే టెండరు తెచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. ధర అని రాసిన కవరు ఇటికంత లావుంది, పనితనం అని రాసింది గాలికి ఎగురుతోంది. రెండూ తారుమారయ్యాయి. అది నాకూ కనపడింది, ముందుగారికీ కనపడింది. నేను లోపల్లోపల సంతోషించానని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను.

ముందుగారు రెండు కవర్లూ ఒకసారి చేతుల్లో తూచి, ఇవి మార్చుకోండి అని మెల్లగా చెప్పారు. రెండు ఖాళీ కవర్లిచ్చారు. ఆయన ధర కాగితం పైకి తీస్తుంటే, అది తన కంట పడకూడదని ముందుగారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. నన్ను కూడా గోడవైపు తిరగమన్నారు. ఇద్దరం బడిలో శిక్ష పడ్డవాళ్ళలా గోడ చూస్తూ కూర్చున్నాం. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"మీరు మా మనిషా, ఆయన మనిషా?" అన్నాను గోడతోనే.

"నీ మనిషినేనమ్మా" అన్నారు ఆయన కూడా గోడతోనే. "ముప్ఫైయొక్కేళ్ళు ఆ బల్ల వెనక కూర్చున్నాను. కవరు చేతికి రాగానే లోపల తప్పుందని తెలిసిపోయేది. చెప్పకూడదు, అది రూలు. తీసుకుని పెట్టెలో వేసి, తర్వాత నేనే కొట్టేసేవాణ్ణి. బల్లకు ఇవతల కూర్చున్నవాడు చెప్పకూడదని ఏ రూలూ లేదు."

"చెప్పడానికి రెండు గంటల ముందు రావాలా?"

"మూడింటికి చెప్తే ఏం లాభమమ్మా? సరిచేసుకోవడానికి వాళ్ళకు టైముండాలి కదా."

నా కోపం పోలేదు. తొమ్మిది మిషన్లు కళ్ళ ముందు ఆడుతున్నాయి. ఇంత మంచివాణ్ణి నాకే ఎందుకు అంటగట్టారా అనుకున్నాను.

మూడు దాటాక పెట్టె తెరిచారు. మొత్తం నాలుగు టెండర్లు. అందులో ఒక పెద్ద కంట్రాక్టరుగారిది, ఆయన గుమాస్తా రెండు యాభై ఎనిమిదికి పరుగెత్తుకొచ్చి వేసి వెళ్ళాడు. అందులో రెండు పేజీల మీద సంతకాలే లేవు. పక్కన పెట్టేశారు. మిగిలిన మూడింటి ధరలు చదివారు. మాదే తక్కువ. నాకు చెవులు గింగురుమన్నాయి, మళ్ళీ చదవమని అడిగాను. ఆఫీసరు విసుక్కోకుండా మళ్ళీ చదివి, రిజిస్టరులో రాసుకుంటూ అన్నాడు: "సరిగ్గా మూడు నిలబడ్డాయి, మీ అదృష్టం బాగుంది. రెండే అయ్యుంటే రూలు ప్రకారం రద్దు చేసి, నాలుగు నెలల తర్వాత మళ్ళీ పిలవాల్సి వచ్చేది."

నాలుగు నెలలంటే మాకు షెడ్డూ ఉండదు, మిషన్లూ ఉండవు. నేను వెనక్కి తిరిగి కర్టెన్లాయన్ని చూశాను. ఆయనది రెండో ధర. ఓడిపోయిన మనిషి, పోనీలే, టెండరు వెయ్యడమైనా వచ్చింది అన్నట్టు కూర్చున్నాడు. నేనింతసేపూ మనసులో తిట్టుకున్న మనిషే మా షెడ్డును నిలబెట్టాడు.

వరండాలోకి రాగానే అడిగాను. "ఆయన లేకపోతే మాది రద్దవుతుందని మీకు ముందే తెలుసా బాబాయిగారూ?"

"ఎవరి కవరులో ఏం తప్పుందో నాకేం తెలుసమ్మా? ఆయన చేతులు వణుకుతున్నాయి. అంతే చూశాను."

ఈలోగా కర్టెన్లాయన వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు. తనకూ ఈయన్నే మార్గదర్శిగా ఇమ్మని పథకం ఆఫీసులో అడగొచ్చా అని అడిగాడు. అడగొచ్చు, కానీ ఇద్దరిదీ ఒకటే పని అయినప్పుడు ముందు నుంచీ ఉన్నవాళ్ళు, అంటే మేము, ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. ముందుగారు ఆ దరఖాస్తు కాగితం సంచీలోంచి తీసి, నాకు ఇవ్వడానికి మొహం చెల్లక చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అంత పెద్దమనిషి నా ముందు అలా నిలబడటం నేను చూడలేకపోయాను.

కాగితం లాక్కుని బెంచీ మీద పెట్టి సంతకం చేశాను. "అన్నీ నేర్పండి బాబాయిగారూ. నాకంటే తక్కువ ధర వెయ్యడం మాత్రం నేర్పకండి" అన్నాను.

"అది నాకే రాదమ్మా" అన్నారు ముందుగారు. కర్టెన్లాయన, నాకు వచ్చులెండి అని నవ్వాడు.